దండు వెంట నడిచిన ఆడవాళ్ళు



1777 ఆగస్టు 24, ఆదివారం నాడు జార్జి వాషింగ్టన్ తన సైన్యాన్ని ఫిలడెల్ఫియా నగరం నడివీధుల గుండా నడిపించాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదలై అప్పటికి రెండేళ్ళు దాటింది. బ్రిటిషు సేనాని హౌ ఓడల మీద దక్షిణంగా వచ్చి దిగబోతున్నాడు. అతని గురి ఆ నగరమే. చిరుగుల బట్టల ఈ సైన్యం తమను కాపాడగలదన్న ధైర్యం ఊళ్ళో జనానికి కలగాలి. అందుకని వాషింగ్టన్ ముందే ఉత్తర్వులు రాయించాడు. వరసలు చెదరకూడదు. తప్పెటలూ పిల్లంగోవులూ ఒకే లయలో మోగాలి. బట్టలు తలా ఒక రకం కాబట్టి టోపీల్లోనన్నా అందరూ ఒకే తీరున పచ్చటి ఆకురెమ్మలు పెట్టుకోవాలి. ఇంకొక మాట కూడా రాయించాడు. సైన్యంతో ఉన్న ఆడవాళ్ళెవరూ ఆ వీధుల్లో కంటబడకూడదు. సామాను బళ్ళతో పాటు వేరే దారిన చుట్టుతిరిగి పోవాలి.

ఆ వేరే దారిన పోయినవాళ్ళ గురించి చెబుతాను.

దండు వెంట ఆడవాళ్ళు అనగానే వినేవాళ్ళ ఊహ ముందుగా ఒకవైపుకే పోతుంది. ఆ కాలపు పెద్దింటివాళ్ళ ఊహా అటే పోయింది. అటువంటివాళ్ళు అసలు లేరని అనను. దొరికినవాళ్ళను తప్పెట కొట్టిస్తూ శిబిరం పొలిమేర దాటించేవారు. కాని ఎక్కువమంది సైనికుల భార్యలు. ఆ తర్వాత చెప్పుకోవలసినవాళ్ళు వితంతువులు, యుద్ధంలో ఊరు పోగొట్టుకుని కట్టుబట్టలతో వచ్చినవాళ్ళు, తిండి సరుకులు అమ్ముకునే చిల్లర వర్తకురాళ్ళు. వాళ్ళ చంకల్లో పసివాళ్ళు, పావడాలు పట్టుకుని నడిచే పిల్లలు.

ఇల్లూ వాకిలీ వదిలి ఎందుకు వచ్చారు? దేశభక్తి ఉంటే ఉండవచ్చు. నాకు ముందు కనిపించేది మాత్రం పొయ్యి. మామూలు సిపాయి జీతం నెలకు ఆరు డాలర్ల చిల్లర. అదీ నెలనెలా చేతికి వచ్చేది కాదు. వచ్చినా అమెరికా ప్రతినిధుల సభ అయిన కాంగ్రెసు అచ్చువేసిన కాగితపు డబ్బు. 1780 మార్చి నాటికి 40 కాగితపు డాలర్లు ఒక్క వెండి డాలరుకు సమానమని ఆ కాంగ్రెసే ఒప్పుకోవలసి వచ్చింది. ఆ జీతంలోంచి మొగుడు పంపేదేమిటి, ఇంటి దగ్గర పెళ్ళాం వండేదేమిటి? సొంత పొలం ఉన్న ఆడవాళ్ళు పొలం చూసుకుంటూ ఊళ్ళోనే ఉన్నారు. దుక్కి దున్నడం కూడా తామే చేయించారు. కూలివాళ్ళ భార్యలు, కమ్మరి చెప్పులపని లాంటి చేతిపనులవాళ్ళ భార్యలు దండు వెంట నడిచారు. 1776 సెప్టెంబరులో న్యూయార్కు నగరం బ్రిటిషువాళ్ళ చేతికి పోయింది. ఇక ఆ ఊరి సిపాయిల సంసారాలకు వెనక్కి పోదామన్నా ఇల్లు లేదు. వాళ్ళకు సైన్యమే ఊరయింది.

ఎంతమంది ఉండేవారంటే, చరిత్రకారుల అంచనా సుమారుగా నూటికి ముగ్గురు. రెజిమెంటును బట్టి, ఏడాదిని బట్టి ఆ లెక్క పెరిగేది, తగ్గేది. 1777 డిసెంబరు 19న వాషింగ్టన్ సైన్యం చలికాలానికి వ్యాలీ ఫోర్జ్ చేరినప్పుడు దాదాపు 12,000 మంది సైనికులున్నారు. వాళ్ళతో ఆడవాళ్ళు ఓ 400 మంది. బ్రిటిషు సైన్యంలో వాళ్ళ వాటా ఇంకా ఎక్కువ. అక్కడ ఇది పాత అలవాటు. అమెరికాకు ఓడెక్కే ప్రతి కంపెనీతోనూ ఆరుగురు భార్యలను సర్కారు ఖర్చు మీదే పంపేవారు. కొత్తగా పుట్టిన అమెరికా సైన్యానికి అలాంటి పద్ధతేమీ లేదు. ఆడవాళ్ళు ముందు వచ్చారు, నియమాలు వాళ్ళ వెనక వచ్చాయి.

ఇక వాళ్ళు చేసిన పని. అన్నిటికన్నా ముందు చెప్పవలసింది బట్టలుతకడం. ఇందులో చెప్పడానికేముంది అనుకుంటారేమో. చాలా ఉంది.

ఆ సైన్యంలో కుర్రాళ్ళు అమ్మ ఉతికిన చొక్కా తొడుక్కుని పెరిగినవాళ్ళు. ఉతుకు ఆడవాళ్ళ పని, మగవాడు ముట్టుకోకూడదన్నది వాళ్ళ పెంపకం. యుద్ధం మొదటి ఏట, 1775లో, అమెరికా సైన్యపు శిబిరాన్ని చూసిన ఒక పరిశీలకుడు ముక్కు మూసుకుని రాశాడు: వీళ్ళ దగ్గర ఉతికిపెట్టే ఆడవాళ్ళు చాలినంతమంది లేరు, తామే ఉతుక్కోవడం కన్నా చొక్కా ఒంటిమీదే కుళ్ళిపోవడం వీళ్ళకు నయంగా ఉంది అని. ఒంటిమీద కుళ్ళిన చొక్కా అంటే పేలు. పేలతో వచ్చేది టైఫస్ జ్వరం. పేనుకూ జ్వరానికీ సంబంధం ఉందని ఆనాటి వైద్యులకు తెలియదు. కాని మురికిగా ఉన్న రెజిమెంటు ఎక్కువగా మంచం పడుతుందని మాత్రం కళ్ళతో చూశారు. వ్యాలీ ఫోర్జ్‌లో గజ్జి ఎంతగా ముదిరిందంటే గంధకం, పంది కొవ్వు కలిపి వందలమందికి రాయవలసి వచ్చింది. సైన్యం అక్కడున్న ఆరు నెలల్లో ఒక్క యుద్ధమూ జరగలేదు. జబ్బులతోనే దాదాపు రెండు వేలమంది పోయారు. యుద్ధం మొత్తం మీద చూసినా తుపాకీ దెబ్బకు చచ్చినవాళ్ళ కంటే జబ్బుతో చచ్చినవాళ్ళు రెండింతలకు పైనే.

అందుకే నేను ఉతుకు దగ్గర ఆగాను. కాగులో నీళ్ళు కాచి, కట్టెల బూడిద నీళ్ళతో, దొరికినప్పుడు సబ్బుతో, ఆ నారచొక్కాలను ఉడకబెట్టి బాది ఆరేసిన ఆడమనిషి, తనకు తెలియకుండానే, ఆ శిబిరంలో ఉన్న వైద్యుడి కంటే ఎక్కువమందిని బతికించి ఉంటుంది. చలికాలం గడ్డకట్టిన వాగు దగ్గర ఈ పని చేయాలి. మంచు పడుతున్నప్పుడు బట్ట ఎక్కడ ఆరుతుంది? కట్టెలు వంటకే చాలనప్పుడు కాగు కింద ఏం పెడుతుంది? ఆ చేతుల వేళ్ళు ఎలా ఉండేవో ఏ కాగితమూ చెప్పదు. కాగితాలు చెప్పేది ధరలు, దండనలు. చొక్కాకు ఇంత, లాగుకు ఇంత, మేజోళ్ళకు ఇంత అని అధికారులు ధరల పట్టీ కట్టి, అంతకు మించి తీసుకుంటే శిబిరంలోంచి వెళ్ళగొడతామన్నారు. సిపాయికే జీతం అందని నెలల్లో చాకిరి చేసినామెకు ఆ ధర ఎవరిచ్చారన్నది పట్టీలో లేదు. తాగే నీళ్ళ వాగులో, గుడారాల దగ్గర బట్టలుతకవద్దన్న ఆంక్షలు మాత్రం మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. ఒకే ఆంక్ష పదిసార్లు వచ్చిందంటే తొమ్మిదిసార్లు ఎవరూ వినలేదని అర్థం. సైనిక ఉత్తర్వుల పుస్తకాలు చదవడంలో ఈ సరదా ఒకటుంది.

రెండో పని రోగుల సేవ. 1775 జులైలో కాంగ్రెసు ఆసుపత్రులకు ఒక ఏర్పాటు చేస్తూ పదిమంది రోగులకు ఒక నర్సు ఉండాలని తీర్మానించింది. జీతం నెలకు 2 డాలర్లు. సిపాయి జీతంలో మూడోవంతు కూడా కాదు. ఆ డబ్బుకు ఎవరూ రాకపోవడంతో 4 డాలర్లు, తర్వాత 8 డాలర్లు చేశారు. అయినా చాలినంతమంది రాలేదు. ఎందుకొస్తారు? మశూచి, జ్వరం, విరేచనాలు ఉన్న కొట్టంలోకి పోయి పక్కలు ఎత్తి, కుండలు కడిగి, శవం లేచిన చోట గడ్డి మార్చే పని అది. బయట ఉతుక్కుంటే అంతకంటే ఎక్కువ సంపాదించుకోవచ్చు, ప్రాణానికీ అంత ముప్పు లేదు. 1778 మే నెలాఖరున వ్యాలీ ఫోర్జ్ వదలబోతూ వాషింగ్టన్ రెజిమెంటు అధికారులందరికీ కబురు పెట్టాడు, నర్సులుగా ఉండడానికి ఆడవాళ్ళను ఎలాగైనా వెదికి కుదర్చండి, మామూలు కూలి ఇస్తాం అని. గుర్తుంచుకోండి, అంతకు తొమ్మిది నెలల ముందు ఫిలడెల్ఫియాలో కంటబడవద్దన్నదీ ఈయనే.

ఆ 1777 ఆగస్టులోనే ఆయన ఇంకో ఉత్తర్వు ఇచ్చాడు. ఆడవాళ్ళు, ముఖ్యంగా గర్భిణులూ పిల్లల తల్లులూ ఇంతమంది ఉండడం వల్ల సైన్యం కదలబోయిన ప్రతిసారీ కాళ్ళకు అడ్డం పడుతున్నారు, అత్యవసరమైనవాళ్ళను తప్ప మిగతావాళ్ళను వదిలించుకోండి అని. ఆ విసుగుకు కారణం లేకపోలేదు. బళ్ళు తక్కువ, గుర్రాలు బక్కచిక్కినవి. తూటాలు, పిండి, గుడారాలు పోయే బండిలో పిల్లతల్లి ఎక్కి కూర్చుంటే బండి నడవదు. అందుకని అధికారి చీటీ లేకుండా ఏ ఆడదీ బండెక్కకూడదన్నారు. ఎక్కినవాళ్ళను దించారు. మళ్ళీ ఎక్కారు. మళ్ళీ ఉత్తర్వు. యుద్ధం ముగిసేదాకా బండి మీద ఈ తగువు తెగలేదు.

బండి ఎక్కడానికి దారే లేనిచోట నడిచారు. 1775 శరదృతువులో అమెరికా సేనాని బెనెడిక్ట్ ఆర్నాల్డ్ సుమారు 1,100 మందితో మెయిన్ అడవుల గుండా క్విబెక్ మీదికి పోయాడు. తిండి అయిపోయి తోలు పట్టీలు ఉడకబెట్టుకు తిన్న ప్రయాణం అది. ఆ దండులో ఇద్దరు భార్యలున్నారని దానిలో పోయిన ఒక కుర్ర సైనికుడు తర్వాత రాశాడు. సార్జెంటు గ్రియర్ భార్య నడుము లోతు బురదనీళ్ళలో పావడా ఎత్తి పట్టుకుని ముందు నడుస్తుంటే, మగవాళ్ళెవరూ నోరు మెదపలేదట. రెండో ఆమె జెమైమా వార్నర్. మొగుడు నీరసించి వెనకబడ్డాడు. ఆమె వెనక్కిపోయి అతని పక్కన కూర్చుంది. అతను చనిపోయాక పూడ్చే సాధనం లేక ఆకులు కప్పి, అతని తుపాకీ, మందుసంచీ తన భుజాన వేసుకుని, మైళ్ళ కొద్దీ నడిచి దండును కలుసుకుంది.

అవతలి పక్షంలో ఆడవాళ్ళ గతీ ఇదే. 1777 అక్టోబరులో సారాటోగా దగ్గర బ్రిటిషు సేనాని బర్గోయిన్ చుట్టుముట్టబడినప్పుడు, బ్రిటిషువాళ్ళ తరఫున పోరాడుతున్న జర్మను జనరల్ రీడెసెల్ భార్య ఫ్రెడెరికా ముగ్గురు చిన్నపిల్లలతో ఒక ఇంటి నేలమాళిగలో తలదాచుకుంది. పక్కనే గాయపడ్డవాళ్ళ అరుపులు, పైన ఫిరంగి గుళ్ళు. దాహం ఆగదు. నది కనిపిస్తూనే ఉంది, కాని అటు పోయిన ప్రతి మగవాడి మీదా అమెరికా తుపాకులు పేలుతున్నాయి. చివరికి ఒక సిపాయి భార్య కడవ పట్టుకుని వెళ్ళింది. ఆమె మీద ఎవరూ పేల్చలేదు. మళ్ళీ మళ్ళీ వెళ్ళింది. ఆడదని వదిలేశామని అమెరికన్లు తర్వాత చెప్పారట. ఇదంతా ఆ దొరసాని రాసుకున్న జ్ఞాపకాల్లో ఉంది.

అక్టోబరు 17న లొంగిపోయిన ఆ సైన్యాన్ని బోస్టను పక్కన కేంబ్రిడ్జికి నడిపించుకొచ్చారు. వీధిలో నిలబడి చూసిన హానా విన్‌త్రాప్ అనే పెద్దింటావిడ తన స్నేహితురాలు మెర్సీ ఒటిస్ వారెన్‌కు ఉత్తరం రాసింది. బరువు మోసే పశువుల్లా ఆడవాళ్ళు వస్తున్నారట. వీపున తట్టలు, వాటి బరువుకు నడుములు వంగిపోయి ఉన్నాయి. తట్టల్లో కుండలు, సామాన్లు, వాటి సందుల్లోంచి తొంగిచూసే పిల్లలు. కొందరు పిల్లలు దారిలోనే పుట్టారట. కాళ్ళకు చెప్పుల్లేవు, ఒంటిమీద పీలికలు. సృష్టిలో ఇంత దౌర్భాగ్యులైన ఆడవాళ్ళు ఉంటారని తాననుకోలేదని ఆమె రాసింది. జాలి ఉంది ఆ ఉత్తరంలో. కంపు కొడుతున్నారన్న ఏవగింపూ ఉంది. రెండూ కలిసే ఉండడం నాకు నిజాయితీగా తోస్తుంది.

ఒక్క మాట పెద్దింటివాళ్ళ గురించి. వాషింగ్టన్ భార్య మార్తా ప్రతి చలికాలం భర్త ఉన్న విడిదికి వచ్చేది. జనరల్ గ్రీన్, జనరల్ నాక్స్ భార్యలూ వచ్చేవారు. వాళ్ళు వచ్చేది గుర్రబ్బండ్లలో, ఉండేది పక్కా ఇళ్ళలో. వసంతం వచ్చి సైన్యం కదిలే వేళకు వాళ్ళు ఇళ్ళకు వెళ్ళిపోయేవారు. వాళ్ళను ఎవరూ దండు వెంటపడినవాళ్ళు అనలేదు. వ్యాలీ ఫోర్జ్‌లో వాషింగ్టన్ వంటింట్లో వండిన హానా టిల్ అనే నల్లజాతి స్త్రీ బానిసగా పుట్టింది, డబ్బు కట్టి తనను తాను కొనుక్కుని స్వతంత్రురాలయింది. ఆమె నూరేళ్ళు పైబడి ఫిలడెల్ఫియాలో బతికి ఉండగా ఒక చరిత్రాభిమాని వెళ్ళి పలకరించాడు కాబట్టి ఈ నాలుగు ముక్కలన్నా మిగిలాయి. అదే శిబిరానికి అమెరికా ఆదివాసులైన ఒనైడా జాతివాళ్ళు మొక్కజొన్న మోసుకొచ్చారని, వాళ్ళతో వచ్చిన పాలీ కూపర్ అనే స్త్రీ దాన్ని వండుకునే తీరు సైనికులకు నేర్పిందని ఒనైడాలు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇంత పనిలో జనానికి గుర్తుండిపోయింది మాత్రం ఫిరంగి. మగవేషం వేసుకుని సైన్యంలో చేరిన డెబొరా శాంప్సన్ కథ వేరు, ఆమె సిపాయే. నేను చెబుతున్నది పావడాతోనే ఫిరంగి దగ్గరికి పోయినవాళ్ళ గురించి. ఫిరంగికి నీళ్ళు కావాలి. ఒక్కసారి పేలాక గొట్టంలో మిగిలిన నిప్పురవ్వను తడి కుంచెతో ఆర్పకుండా మళ్ళీ మందు దట్టిస్తే, దట్టించినవాడి చేతులు ఎగిరిపోతాయి. ఆ నీళ్ళు మోసేది చాలాచోట్ల ఆడవాళ్ళు. అందువల్ల ఫిరంగి దళంలోని భార్యలు యుద్ధానికి నాలుగడుగుల దూరంలోనే ఉండేవారు. ఒక మనిషి పడిపోతే చోటు ఖాళీ. పని రోజూ చూస్తున్నదే.

1776 నవంబరు 16న మన్‌హాటన్ ఉత్తరపు కొసన ఉన్న ఫోర్ట్ వాషింగ్టన్ మీద బ్రిటిషు దళాలు, వాళ్ళ తరఫున వచ్చిన జర్మను హెస్సియన్ దళాలు విరుచుకుపడ్డాయి. ఫిరంగి దగ్గర జాన్ కార్బిన్ చనిపోయాడు. భార్య మార్గరెట్ ఆ చోటులో నిలబడి ఫిరంగి పేల్చింది. దవడకు, రొమ్ముకు, ఎడమ చేతికి దెబ్బలు తగిలాయి. ఆ చెయ్యి మళ్ళీ పనికిరాలేదు. 1779 జులైలో కాంగ్రెసు ఆమెకు సిపాయి జీతంలో సగం, ఒక జత బట్టలు మంజూరు చేసింది. చెయ్యి పోయింది నిండుగా, జీతం వచ్చింది సగం. వెస్ట్ పాయింట్ దగ్గర ఎవరో ఒకరి సాయంతో బతికి 1800 ప్రాంతంలో పోయింది. 1926లో ఒక మహిళా సంఘం ఆమె సమాధి అనుకున్న దాన్ని తవ్వి, అస్థికలను వెస్ట్ పాయింట్ సైనిక శ్మశానానికి సగౌరవంగా మార్చింది. తొంభై ఏళ్ళ తర్వాత, 2016లో, ఏదో కట్టడం పనిలో ఆ సమాధి కదిలితే నిపుణులు ఎముకలు పరీక్షించారు. అవి ఎవరో మగమనిషివి.

1778 జూన్ 28న మన్‌మత్ యుద్ధం. ఎండకే సైనికులు రాలిపోయిన రోజు. భర్త ఫిరంగి దగ్గర నీళ్ళందించి, ఆ తర్వాత ఫిరంగి పనిలోనే చెయ్యి కలిపిందని చెప్పే మేరీ హేస్ పేరు మీదే తర్వాత తరాలవాళ్ళు మాలీ పిచర్ అనే బొమ్మను గీసుకున్నారు. ఆ రోజు అక్కడున్న జోసెఫ్ ప్లమ్ మార్టిన్ అనే సిపాయి 1830లో అచ్చువేసిన జ్ఞాపకాల్లో ఒకామెను చూశానని రాశాడు, పేరు చెప్పలేదు. తూటా అందుకోవడానికి కాళ్ళు చాచి వంగినప్పుడు ఒక గుండు ఆ కాళ్ళ మధ్యగా దూసుకుపోయి పావడా అంచు ఎత్తుకుపోయిందట. ఇంకాస్త పైనుంచి పోలేదు, అదృష్టం అని ఆమె తన పని తాను చూసుకుందట. 1822లో పెన్సిల్వేనియా శాసనసభ మేరీకి ఏడాదికి 40 డాలర్ల భరణం ఇచ్చింది. బిల్లు మొదటి రాతలో సిపాయి వితంతువు అని ఉన్నదాన్ని కొట్టేసి, ఆమె చేసిన సేవలకు అని మార్చారు. ఆ కొట్టివేత ఎవరి చలవో గాని, అలాంటిది చాలా అరుదు.

నా మటుకు నాకు ఈ ఫిరంగి కథల మీద కొంచెం కినుక ఉంది. మగవాడి పని ఒక గంట చేసినందుకు వాళ్ళకు విగ్రహాలు లేచాయి. ఆడవాళ్ళ పని ఎనిమిదేళ్ళు చేసినవాళ్ళు బత్తెం లెక్కలో తినే నోళ్ళుగా మిగిలిపోయారు.

ఆ బత్తెం మీద చివరికి ఒక తగువు వచ్చింది. యుద్ధం చివరి రోజుల్లో పదిహేనుమంది సైనికులకు ఒక ఆడమనిషి బత్తెం చొప్పునే ఇవ్వాలని లెక్క కట్టారు. ఖజానా చూసే రాబర్ట్ మారిస్ పొదుపు మనిషి. న్యూయార్కు రెజిమెంట్లలో, ఫిరంగి దళంలో అంతకంటే ఎక్కువమంది ఆడవాళ్ళుంటే వాషింగ్టన్ వాళ్ళందరికీ బత్తెం ఇప్పిస్తున్నాడు. 1783 జనవరిలో మారిస్‌కు ఆయన సంజాయిషీ రాశాడు. ఈ ఆడవాళ్ళకు వేరే ఆధారం లేదు, వీళ్ళకు తిండి ఆపితే వీళ్ళ మొగుళ్ళు సైన్యం వదిలి పారిపోతారు, శత్రువు దగ్గరికే పోయినా పోతారు, పోయేది నా పాత సిపాయిలు, అందరికంటే మంచివాళ్ళు అన్నది ఆ ఉత్తరం సారాంశం. 1777 నాటి విసుగు ఈ ఉత్తరంలో లేదు. ఆరేళ్ళ యుద్ధం ఆయనకు లెక్కలు నేర్పింది. ఇక్కడా ఆడవాళ్ళు చేసిన పని ఊసు మాత్రం రాలేదు.

పని ఊసు ఎక్కడ దొరుకుతుందంటే, సారా ఆస్బర్న్ అనే ముసలామె మాటల్లో. 1837లో, 81 ఏళ్ళ వయసులో, పెన్సిల్వేనియాలో ఆమె ఒక వాంగ్మూలం ఇచ్చింది. ఈ ఆడవాళ్ళలో ఒకరు తమ నోటితో చెప్పుకున్నది ఇంత వివరంగా ఇంకొకటి నేనెరగను.

1780లో ఆల్బనీలో ఆరన్ ఆస్బర్న్ అనే కమ్మరిని పెళ్ళాడింది. అతను ఆమెకు చెప్పకుండానే మళ్ళీ సైన్యంలో పేరు రాయించుకున్నాడు. తనతో రమ్మన్నాడు. ఆమె ససేమిరా అంది. బండి మీదో గుర్రం మీదో ఎక్కించుకుపోతామని కెప్టెన్ గ్రెగ్ మాట ఇచ్చాకే ఒప్పుకుంది. బండి సంగతి మొదటే తేల్చుకుంది, తెలివైన మనిషి. ఒకసారి కింగ్స్‌బ్రిడ్జ్ దగ్గర, మొగుడు సామాను ఎత్తిస్తుంటే, అతని కోటు తొడుక్కుని తుపాకీ పట్టుకుని పహరా కాసింది. అటు వచ్చిన వాషింగ్టన్ నిన్నిక్కడ ఎవరు పెట్టారని అడిగాడు. పెట్టే హక్కున్నవాళ్ళే పెట్టారని జవాబు చెప్పింది.

1781లో సైన్యం బ్రిటిషువాళ్ళున్న యార్క్‌టౌన్ మీదికి కదిలింది. ఆమె, ఇంకొకరిద్దరు సైనికుల భార్యలు, లెటా అనే నల్లజాతి స్త్రీ కలిసి ప్రయాణం చేశారు. ఫిలడెల్ఫియాలో క్వేకరు మతశాఖ స్త్రీలు ఇంటికి తీసుకుపోయి, నువ్వు ఇక్కడే ఉండిపో అని బతిమాలారు. మొగుడు ఒప్పుకోలేదు. బాల్టిమోరులో ఓడెక్కి యార్క్‌టౌన్ చేరారు. అక్కడ ఆమె ఉతికింది, కుట్టింది, వండింది. గొడ్డుమాంసం, రొట్టె, గ్యాలన్ కుండ నిండా కాఫీ మోసుకుని కందకాల్లో ఉన్న సైనికుల దగ్గరికి వెళ్ళేది. అక్కడా వాషింగ్టన్ ఎదురుపడి, గుళ్ళంటే భయం లేదా అన్నాడు. ఉరితాడు దక్కాల్సినవాళ్ళను గుండు తన్నుకుపోదులే అని మోటు సరసమాడి, మగవాళ్ళు పోరాడుతూ ఆకలితో కూడా ఉండలేరు కదా అంది.

1781 అక్టోబరు 19న బ్రిటిషు సైన్యం లొంగిపోయింది. తప్పెటలకు నల్ల గుడ్డలు చుట్టి, పిల్లంగోవులకు నల్ల రిబ్బన్లు కట్టి వాళ్ళు నడిచి రావడం ఆమె రోడ్డు పక్కన నిలబడి చూసింది. ముందు నడిచిన భారీ మనిషి చెంపల మీద కన్నీళ్ళు కారుతున్నాయట. అతను ఆ సైన్యపు సేనాని కారన్‌వాలీసు మాత్రం కాదు, ఆయన్ను తర్వాత చూశాను, పొట్టి మనిషి, మెల్లకన్ను అని చెప్పింది. నిజమే. కారన్‌వాలీసు ఆ రోజు ఒంట్లో బాగాలేదని తన కింది అధికారిని పంపాడు. శిబిరం చుట్టూ చనిపోయి పడివున్న నల్లవాళ్ళను కూడా ఆమె మరిచిపోలేదు. స్వేచ్ఛ దొరుకుతుందని బ్రిటిషువాళ్ళ దగ్గరికి పారిపోయి వచ్చినవాళ్ళు. ముట్టడిలో తిండి తగ్గితే ఆ బ్రిటిషువాళ్ళే ఊరి బయటికి తరిమేశారు.

ఆ మెల్లకన్ను దొర మనకూ తెలిసినవాడే. 1786లో గవర్నర్ జనరల్‌గా ఇక్కడికి వచ్చాడు. 1791 ఫిబ్రవరిలో టిప్పు సుల్తాను మీదికి పోతూ మన చిత్తూరు జిల్లా మొగిలి కనుమ ఎక్కి పలమనేరు మీదుగా సైన్యాన్ని నడిపించాడు. ఆ యుద్ధంలో అతనికి ధాన్యం మోసిపెట్టింది ఆడామగా పిల్లాజెల్లా అంతా కలిసి ఎడ్లమందలతో తిరిగే లంబాడీలు. ఇక్కడి సైన్యాల వెంట నడిచే జనం పోరాడేవాళ్ళకు ఎన్నో రెట్లుండేవారు. వాళ్ళలో ఒక్క సారా వాంగ్మూలం కూడా నాకు కనబడలేదు.

సారాకు యుద్ధం తర్వాత ఇద్దరు పిల్లలు. ఆరన్ వాళ్ళను వదిలేసి ఇంకొకామెను కట్టుకున్నాడు. కొన్నేళ్ళకు ఆమె జాన్ బెంజమిన్‌ను పెళ్ళాడింది, అతనూ పోయాడు. 1836లో కాంగ్రెసు ఒక చట్టం చేసింది. స్వాతంత్ర్య యుద్ధంలో పనిచేసిన సైనికుల వితంతువులకు, సేవా కాలం ముగియక ముందే పెళ్ళయి ఉంటే, పింఛను ఇస్తారు. దానికోసమే ఆమె ఆ మరుసటేడు ప్రమాణం చేసి వాంగ్మూలం ఇచ్చింది. చట్టానికి కావలసింది ఆరన్ ఏ రెజిమెంటులో ఎప్పుడు చేశాడు, పెళ్ళి ఎప్పుడయింది, ఇంతే. ఆ ముక్కలు చెప్పి ఊరుకోవచ్చు. ఆమె కాఫీ కుండ దగ్గరినుంచి కందకాల దాకా అంతా చెప్పింది. రాసే గుమాస్తా, చట్టానికి అక్కర్లేకపోయినా, రాసుకుంటూ పోయాడు. పింఛను మంజూరయింది, తనను వదిలేసిపోయిన ఆరన్ చేసిన సేవకు గాను.